ఎత్తయిన బండి పైకప్పు కడగడానికి ఏ పనిముట్టు వాడాలి?

ఎత్తుబండి

సభ్యులందరికీ నమస్కారం. నాది ముదురు నీలం రంగు ఎత్తు టాపు వ్యాను. నేల నుంచి పైకప్పు వరకు 2.6 మీటర్లు ఉంటుంది, నా ఎత్తు 1.65 మీటర్లు. పక్కలు, అద్దాలు కడగడంలో నాకు ఇబ్బంది లేదు, పైకప్పు దగ్గరకు వచ్చేసరికే తల ప్రాణం తోకకు వస్తోంది. ఏడాది క్రితం 3 మీటర్ల వరకు సాగే అల్యూమినియం కర్రకు మైక్రోఫైబర్ మాప్ తగిలించి ఉన్న పనిముట్టు ఒకటి కొన్నాను. బకెట్‌లో ముంచడం, పైకి ఎత్తడం, అటూ ఇటూ లాగడం, మళ్లీ ముంచడం, ఇదే పద్ధతిలో కడుగుతూ వచ్చాను. మొన్న మేడ మీద నిలబడి కిందికి చూస్తే, ఎండ పడిన చోటల్లా పైకప్పు నిండా సన్నని గీతలు కనిపించాయి. అవన్నీ నేను కర్ర లాగిన దిశలోనే ఉన్నాయి కాబట్టి తప్పు ఎవరిదో అడగనక్కరలేదు.

బండి పైకి ఎక్కకుండా, రంగు పాడవకుండా పైకప్పు శుభ్రం చేయడానికి మీరు ఏమి వాడుతున్నారో తెలుసుకోవాలని ఉంది. ఇంతకన్నా పొడుగు కర్ర కొనాలా, లేక మాప్ స్థానంలో మరేదైనా పెట్టాలా?

తడికుంచె

మీ మాప్ మంచిదే కావచ్చు, కానీ అది చేస్తున్న పని వేరు. పైకప్పు మీద పడే దుమ్ములో మెత్తని ధూళితో పాటు సన్నని ఇసుక కూడా ఉంటుంది. చదునుగా ఉండే మైక్రోఫైబర్ మాప్ ఆ రేణువులను తన పోగుల్లో పట్టుకుంటుంది, ఆ పైన మీరు మీటరు మేర లాగితే రేణువు కూడా మీటరు మేర గీస్తూ పోతుంది. చేతితో కడిగేటప్పుడు గరుకు తగలగానే మనం ఆగుతాము. మూడు మీటర్ల కర్ర చివర ఏమి జరుగుతున్నదో చేతికి తెలియదు, కంటికి కనబడదు.

నా సలహా ఏమిటంటే, నీళ్లు లోపలి నుంచి పారే కుంచె కొనండి. దీని కర్ర బోలుగా ఉంటుంది. కింది చివర తోట పైపు బిగించే అమరిక, దాని పక్కనే నీళ్లు కట్టేసే మీట ఉంటాయి. పై చివరన కుంచె వెంట్రుకల మధ్య నుంచి నీళ్లు ధారగా వస్తాయి. రేణువు లేచిన క్షణంలోనే నీటితో కొట్టుకుపోతుంది, బకెట్ దాకా రావలసిన పని లేదు.

కొనే ముందు వెంట్రుకల చివరలను దగ్గరగా చూడండి. మంచి కుంచెలో ప్రతి పోగు చివర రెండు మూడు పాయలుగా చీలి, దూదిలా మెత్తగా ఉంటుంది. ముంజేతి లోపలి వైపు రుద్దుకుంటే గుచ్చుకోకూడదు. నేల రుద్దే కుంచెలో పోగు మొన నున్నగా కోసినట్టు ఉంటుంది, అది బండి రంగు దగ్గరకు రాకూడదు. పంది వెంట్రుకల కుంచెలు కూడా దొరుకుతాయి. తడిస్తే మరింత మెత్తబడతాయి, నీళ్లు బాగా పట్టి ఉంచుతాయి, అయితే ఆ మేరకు బరువూ పెరుగుతుంది, నీడలో ఆరబెట్టకపోతే వాసన వస్తుంది.

రెండుబకెట్లు

తడికుంచె గారితో సగం వరకే ఏకీభవిస్తాను. ఎంత మెత్తని కుంచె అయినా ముదురు రంగు మీద పదే పదే తిరిగితే గుర్తు వదులుతుంది. కర్రకు తగిలించే మైక్రోఫైబర్ తొడుగుల్లో పొడుగు కుచ్చులు ఉన్నవి ఉంటాయి. ఆ కుచ్చుల మధ్య రేణువు లోపలికి పోయి దాక్కుంటుంది, రంగుకు తగలదు. చదును మాప్‌కూ కుచ్చుల తొడుగుకూ చాలా తేడా ఉన్నది. నేను షాంపూ నీళ్లు ఒక బకెట్‌లో, మామూలు నీళ్లు మరొక బకెట్‌లో పెట్టుకుని, రెండింటి అడుగున, దిగిన ఇసుక మళ్లీ పైకి రాకుండా జల్లెడ పళ్లెం వేసి, ప్రతి రెండు లాగుళ్లకు ఒకసారి తొడుగును మామూలు నీళ్లలో జాడిస్తాను. ఆరేళ్లుగా నల్ల బండికి ఇదే పద్ధతి.

తడికుంచె

మీ బండి ఎత్తు ఎంతో చెప్పగలరా?

రెండుబకెట్లు

1.8 మీటర్లు. మీ ప్రశ్నలోని చురక అర్థమైంది. 2.6 మీటర్ల బండికి ప్రతి రెండు లాగుళ్లకు కర్ర దించి జాడించి మళ్లీ ఎత్తడం మనిషి చేయగల పని కాదని ఒప్పుకుంటున్నాను.

డిపోమనిషి

కొన్నేళ్లు బస్సులు కడిగే పనిలో ఉన్నాను కాబట్టి ఇక్కడ ఎవరూ ఎత్తని ఒక మాట చెబుతాను. అది బరువు. కొనేటప్పుడు అందరూ కర్ర పొడవు చూస్తారు. చేతికి తెలిసేది పొడవు కాదు, చివర వేలాడే బరువు.

లెక్క చూడండి. తడిసిన కుంచె ఒక కిలో ఉన్నదనుకుందాం. కర్ర 3 మీటర్లు సాగి, దాదాపు అడ్డంగా ఉన్నది. మీ కింది చేయి కర్ర చివర, పై చేయి అక్కడికి 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని ఉన్నాయి. ఆ కుంచెను గాలిలో నిలపాలంటే పై చేయి 5 కిలోల బరువు మోయాలి, కింది చేయి 4 కిలోల బలంతో కిందికి అదిమి పట్టాలి. కర్ర బరువు, అందులో నిండిన నీటి బరువు ఇందులో లెక్క వేయలేదు. పావుగంట ఇలా చేసిన తరువాత ఎవరికైనా భుజాలు పడిపోతాయి. పడిపోయిన భుజం కుంచెను ఎత్తి పెట్టదు, ఈడుస్తుంది. పొడుగు కర్ర చూపించే గీతల్లో సగం ఆ ఈడ్పు వల్లనే పడతాయని నా అనుభవం.

అందుకే కర్రను పెంచవద్దు, మీరే కొంత పైకి రండి. ఒక మీటరు ఎత్తున వెడల్పాటి పై మెట్టు, పట్టుకోవడానికి కమ్మీ ఉన్న వేదిక నిచ్చెన మీద 1.65 మీటర్ల మనిషి నిలబడితే కళ్లు దాదాపు 2.5 మీటర్ల దగ్గరకు వస్తాయి. 2.6 మీటర్ల టాపు అప్పుడు పూర్తిగా కనిపించదు, కానీ అంచు చేతికి అందుతుంది, మీటరున్నర కర్రతో మధ్య గీత దాకా కుంచె హాయిగా పోతుంది. రెండో వైపు నుంచి మిగతా సగం కడగాలి. ఒకే పక్క నిలబడి మొత్తం వెడల్పు కడగాలనే ఆశ వదులుకోండి. నిచ్చెనను నాలుగైదు సార్లు జరపాల్సి వస్తుంది, ఆ విసుగు భుజం నొప్పి కన్నా నయం.

మరొక చిన్న విషయం. పొడుగు కర్రతో నేల మీద నుంచి కడిగేటప్పుడు కర్ర నడుము బండి టాపు అంచు మీద ఆనుతుంది. లోపలికీ బయటికీ నెట్టిన ప్రతిసారీ అల్యూమినియం ఆ అంచును రాస్తుంది. మీ బండి టాపు అంచు వెంబడి వేలు పెట్టి చూడండి, రంగు మసకబారి ఉంటే కారణం అదే. వేడి నీటి గొట్టాలకు తొడిగే మెత్తని నురగ తొడుగు ముక్కను కర్రకు ఎక్కించుకుంటే ఈ బాధ తప్పుతుంది.

ఎత్తుబండి

డిపోమనిషి గారూ, ఇప్పుడే వెళ్లి చూసి వచ్చాను. డ్రైవరు వైపు అంచున జానెడు మేర నిజంగానే మసకబారి ఉన్నది. ఆ వైపు నుంచే నేను ఎక్కువగా కడుగుతాను. ఇన్నాళ్లూ అది చెట్టు కొమ్మ గీసుకున్న గుర్తు అనుకున్నాను.

కుంచె గొడవే లేకుండా ప్రెషర్ వాషర్‌కు పొడుగు గొట్టం తగిలించి నీటి ధారతోనే పని ముగించవచ్చా? ముట్టుకోకపోతే గీతలు పడవు కదా.

జల్లు

ముట్టుకోకపోతే గీతలు పడవన్నది నిజమే, అయితే ముట్టుకోకుండా పూర్తిగా శుభ్రం కాదన్నది కూడా అంతే నిజం. నీటి ధార మట్టిని, ఇసుకను, ఎండిన ఆకులను తోస్తుంది. రోడ్డు మీద ఎగిసే పొగ, నూనె తుంపర, టైర్ల అరుగుదల పొడి కలిసి రంగు మీద సన్నని పొరగా అతుక్కుంటాయి. ఆ పొర ధారకు లొంగదు. కడిగి ఆరిన తరువాత తెల్లని గుడ్డతో తుడిచి చూడండి, గుడ్డ బూడిద రంగులోకి మారుతుంది. అందుకని ప్రెషర్ వాషర్‌ను కుంచెకు బదులుగా కాక, కుంచెకు ముందు వాడండి. మొదట మామూలు నీళ్లతో తడిపి, నురగ డబ్బాతో (ప్రెషర్ వాషర్‌కు తగిలించే షాంపూ డబ్బా) చిక్కని నురగ చిమ్మి, అది ఆరిపోక ముందే, అయిదారు నిమిషాల్లో, ధారతో దింపేస్తే గీతలు పెట్టగల ఇసుకలో చాలా భాగం కుంచె తగలక ముందే కిందికి వచ్చేస్తుంది.

నాజిల్ విషయంలో జాగ్రత్త పడండి. సాధారణంగా ఎరుపు నాజిల్ సున్నా డిగ్రీలది, సూదిలాంటి ధార ఇస్తుంది, దానిని బండి వైపు తిప్పవద్దు. పసుపు 15 డిగ్రీలు, ఆకుపచ్చ 25, తెలుపు 40. పైకప్పుకు తెలుపు చాలు. రంగుకు కనీసం ఒక అడుగు దూరం ఉంచాలి. రంగు పెచ్చు లేచిన చోట, స్టిక్కర్ల అంచుల్లో, కిటికీ రబ్బరుల దగ్గర దూరం ఇంకా పెంచాలి. పొడుగు గొట్టం పట్టుకుని మీట నొక్కిన క్షణంలో ధార వెనక్కి తంతుంది. నేల మీద రెండు కాళ్లు ఊని ఉంటే అది పెద్ద విషయం కాదు, నిచ్చెన మీద ఉన్నవారిని మాత్రం తూలేలా చేస్తుంది. నిచ్చెన, ప్రెషర్ వాషర్ ఈ రెండింటినీ ఒకేసారి వాడవద్దని గట్టిగా చెబుతున్నాను.

రబ్బరుకప్పు

ఈ చర్చ చదివే వారిలో నాలాగా ఇల్లు లాంటి బండి ఉన్నవారు ఉంటే ఒక హెచ్చరిక. అన్ని పైకప్పులూ రంగు వేసిన ఇనుప రేకు కావు. కొన్నిటికి ఫైబర్‌గ్లాస్, కొన్నిటికి ఈపీడీఎం రబ్బరు పొర, మరికొన్నిటికి టీపీఓ అనే ప్లాస్టిక్ పొర ఉంటాయి. మా బండికి ఈపీడీఎం ఉన్నది. అది వయసు పెరిగే కొద్దీ సుద్ద పొడిలా తెల్లగా రాలుతుంది. వాన పడితే పక్కల మీద తెల్లని చారలు దిగేది అందుకే. పెట్రోలియం ద్రావకాలు, నారింజ తొక్క నూనె కలిసిన శుభ్రక ద్రవాలు ఆ రబ్బరును ఉబ్బించి పాడు చేస్తాయి. మామూలు షాంపూ, ఓ మోస్తరు మెత్తని కుంచె, ధారాళంగా నీళ్లు, అంతకు మించి ఏమీ వద్దు.

ఇంకొకటి, ఇలాంటి బండి మీద గాలి కిటికీలు, గొట్టాల మూతలు, సౌర పలకల బిగింపులు ఉంటాయి. వాటి చుట్టూ పూసిన సీలు మీద ఎత్తి పట్టిన ప్రెషర్ వాషర్ ధార తగిలితే నీళ్లు దాని కింద దారి చేసుకుంటాయి. మాకు అలాగే జరిగింది. లోపలి చెక్క పలక ఉబ్బి, మంచం మీద చుక్కలు పడిన తరువాత గానీ తెలియలేదు. కుంచెతో పాటు కళ్లు కూడా పైకి వెళ్లాలి. ఏడాదికి రెండుసార్లయినా సీలు పగుళ్లు చూసుకోవడానికి పైకప్పు కడగడమే మంచి సాకు.

మెట్టుతప్పినవాడు

నా పేరు చూసే సంగతి గ్రహించి ఉంటారు. వంటింట్లో వాడుకునే చిన్న స్టూలును సబ్బు నీళ్లు పారుతున్న సిమెంటు గచ్చు మీద వేసుకుని, కుడి చేత్తో పైకప్పు మీద ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ చాపుతూ పోయాను. స్టూలు ఎడమకు జారింది, నేను కుడికి పడ్డాను. మణికట్టు ఎముకకు ఆరు వారాలు కట్టు. మరక మాత్రం అక్కడే ఉన్నది.

ఆ తరువాత నేర్చుకున్నవి చెబుతాను. నిచ్చెన కాళ్లకు రబ్బరు తొడుగులు ఉండాలి, అవి అరిగిపోయి ఉండకూడదు. బొడ్డు నిచ్చెన రెండు పక్క కమ్మీల మధ్యనే ఉండాలి, అది కమ్మీ దాటిందంటే నిచ్చెన జరపవలసిన సమయం వచ్చిందని అర్థం. నిచ్చెన వేయబోయే చోట నురగను ముందే కడిగేయాలి. గోడకు ఆనించే ఏటవాలు నిచ్చెనను బండికి ఆనించవద్దు. తడి రేకు మీద పై చివర పక్కకు జారుతుంది, సొట్ట కూడా పడుతుంది. దానంతట అది నిలబడే నిచ్చెనే వాడండి.

టైరుకు తగిలించే మెట్టు కూడా కొన్నాను. మధ్య ఎత్తు బండ్లకు బాగానే ఉంటుంది. ఎక్కే ముందు చేతి బ్రేకు వేసి, ఎదురు చక్రానికి అడ్డు పెట్టాలి.

గుర్రపుబండి

తలుపు తెరిచి, తాళం పడే ఇనుప కొక్కేనికి తగిలించే చిన్న మెట్టు మాటేమిటి? నా బండి 1.9 మీటర్లు, నాకు అది బాగా అక్కరకు వస్తున్నది. జేబులో పట్టేంత చిన్నది.

డిపోమనిషి

ఒక పాదం మాత్రమే పట్టే మెట్టు అది. సామాను కట్టడానికి, ఒక మరక తుడవడానికి సరే. కుంచె పట్టుకుని పది నిమిషాలు నిలబడే పనికి నేను ఒప్పుకోను. తలుపు తెరిచి ఉంటుంది కాబట్టి కడిగిన నీళ్లన్నీ సీటు మీదికే వస్తాయన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

గుర్రపుబండి

నిజమే, సీటు తడుస్తోంది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

తీగలకింద

పొడుగు కర్రల గురించి మాట్లాడుతున్నప్పుడు తల పైన ఏమున్నదో ఒకసారి చూడమని కోరుతున్నాను. అల్యూమినియం కరెంటును ప్రవహింపజేస్తుందని అందరికీ తెలుసు. తేలికగా ఉంటుందని కొందరు కార్బన్ ఫైబర్ కర్ర కొంటున్నారు. అది ప్లాస్టిక్‌లా కనిపించినా కరెంటును ప్రవహింపజేస్తుంది. ఫైబర్‌గ్లాస్ కర్ర పొడిగా ఉన్నంతసేపు నయమే గానీ, లోపల నీళ్లు పారే కర్రను దేనితో చేసినా నమ్మకూడదు. కరెంటు తీగల కింద బండి పెట్టి కడగవద్దు, అంతే.

ఎత్తుబండి

మా బండి నిలిపే చోట తీగలు లేవు, చెట్టు ఉన్నది. అందువల్లనే పక్షి రెట్టలు, జిగురు చుక్కలు పైకప్పు మీద ఎక్కువ. అవి కుంచెకు రావడం లేదు.

రెండుబకెట్లు

కుంచెతో రుద్ది తీయాలని చూడకండి. ఎండిన రెట్టలో గింజల పెంకులు, ఇసుక ఉంటాయి, రుద్దితే అవే గీస్తాయి. పాత మైక్రోఫైబర్ గుడ్డను నీళ్లలో నానబెట్టి, కర్రతో దానిని మరక మీద పరచి, పది నిమిషాలు వదిలేయండి, మెత్తబడి గుడ్డతో పాటే వచ్చేస్తుంది. రెట్టకు రంగు పైపొరను తినేసే గుణం ఉన్నది, ఎండలో అది త్వరగా పని చేస్తుంది కాబట్టి వారాల తరబడి ఉంచవద్దు. జిగురు చుక్క మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డ అరనిమిషం పెట్టి మెల్లగా తుడిచి, వెంటనే నీళ్లు పోయాలి. ఈ పనికి మాత్రం కర్ర పనికిరాదు, నిచ్చెన ఎక్కి చేత్తోనే చేయాలి.

కడగడం ఎప్పుడూ పైకప్పుతో మొదలుపెట్టండి, కానీ అంతకు ముందే పక్కలను నీళ్లతో తడిపి ఉంచండి. పొడి తలుపుల మీద మురికి నీళ్లు దిగితే నల్లని చారలుగా అంటుకుంటాయి. నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడే కడగాలి. కాలిన రేకు మీద నీళ్లు ఆరిపోయి, అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లని వలయాలుగా మిగులుతాయి.

జల్లు

ఆ వలయాల గురించే ఒక మాట. పైకప్పును ఎవరూ ఆరబెట్టరు, ఎవరికీ కనబడదు కదా అని వదిలేస్తారు. ముదురు రంగుకు ఆ అలవాటు పనికిరాదు. కర్రకు తగిలించే మెత్తని సిలికాన్ పట్టీతో నీళ్లను ఒక పక్కకు లాగవచ్చు, అయితే కప్పు మీద ఒక్క ఇసుక రేణువు మిగిలినా పట్టీ దానిని ఈ చివర నుంచి ఆ చివర దాకా తీసుకుపోతుంది. నాకు నచ్చినది, ఆకులు ఊడ్చే గాలి యంత్రం. ముందు నుంచి వెనక్కి ఊదితే, పైకప్పు గాళ్లలోనూ సామాను కమ్మీల కాళ్ల దగ్గరా నిలిచిన నీళ్లు కూడా బయటికి వస్తాయి. దేనినీ ముట్టుకోవలసిన అవసరం రాదు.

ఎత్తుబండి

మూడు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. నీళ్లు పారే కుంచె, మీటరు ఎత్తు వేదిక నిచ్చెన తెచ్చుకున్నాను. కర్ర రెండు మీటర్ల వరకు సాగుతుంది గానీ నేను మీటరున్నర దగ్గరే బిగించి వాడాను. నురగ వేసి, ధారతో దింపి, ఆ పైన కుంచె పట్టాను. నొక్కవద్దని ఎవరూ చెప్పకపోయినా, నీళ్లు పారుతుంటే కుంచె బరువే సరిపోతుందని చేతికే అర్థమైంది. వెనక చక్రం పక్కన నిలిచిన నీళ్లు మొదట టీ డికాషన్ రంగులో ఉన్నాయి, రెండో విడతకు లేత బూడిద రంగు, మూడో విడతకు తేట నీళ్లు. మొత్తం నలభై నిమిషాలు పట్టింది, నిచ్చెనను ఆరుసార్లు జరిపాను. భుజాలు నొప్పి లేవు.

పాత గీతలు అలాగే ఉన్నాయి, వాటిని పాలిష్‌తో తీయించాలి. కొత్తవి పడలేదని మేడ మీది నుంచి చూసి తృప్తి పడ్డాను. ఒక్క ఇబ్బంది మిగిలింది. కర్ర రెండు గొట్టాలు కలిసే చోట, తిప్పి బిగించే కంకణం దగ్గర నీళ్లు కారి నా మోచేతి మీదుగా చొక్కాలోకి దిగుతున్నాయి. ఎంత బిగించినా ఆగడం లేదు.

తడికుంచె

ఆ కంకణం విప్పి, లోపల ఉన్న రబ్బరు ఉంగరం చూడండి. ఇసుక చేరి ఉంటుంది. తుడిచి, సిలికాన్ గ్రీజు కొద్దిగా రాసి బిగించండి. గ్రీజు పెట్రోలియంది కాకుండా చూసుకోండి, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బుతుంది. మళ్లీ కొనేటప్పుడు తిప్పే కంకణం కాక, మీట వేసి నొక్కే బిగింపు ఉన్న కర్ర తీసుకోండి. అప్పటిదాకా కంకణానికి దిగువన ఒక పాత మేజోడు కట్టుకుంటే నీళ్లు దానిలోకి ఇంకి అక్కడి నుంచి నేల మీద పడతాయి, చొక్కా పొడిగా ఉంటుంది.

ఎత్తుబండి

ఉంగరం తీసి చూశాను, మీరన్నట్టే గోటి కింద పట్టేంత ఇసుక ఉన్నది. తుడిచి గ్రీజు రాశాను, కారడం ఆగింది. మేజోడు అయితే అలాగే ఉంచాను.